ఇంట ఇద్దరు కళాశాలలో నున్నపుడు: ధనసహాయపు దరఖాస్తులను గూర్చి రైతులకు కొన్ని మాటలు

జూన్, జూలై మాసములు రైతునకు రెండు పెట్టుబడుల కాలము. నారుమడికి విత్తనము, దమ్ముకు ట్రాక్టరు బాడుగ, ఊడ్పు కూలి, తొలి విడత ఎరువు, ఇవి యొకవైపు. అవే దినములలో కళాశాలలు తెరచుటయు, ఫీజు కట్టుమని చీటీ వచ్చుటయు మరొకవైపు. పంట సొమ్ము చేతికి వచ్చుట డిసెంబరు దాటిన పిదప. ఫీజు అడుగుట జూలైలో. బిడ్డ యొక్కరే యైనచో ఎట్లో సర్దుకొనవచ్చును. పెద్దమ్మాయి డిగ్రీలోను, చిన్నవాడు ఇంటర్మీడియటులోను ఒకే యేట పడినపుడు ఎంతటి నిబ్బరము గల ఇల్లైనను తల్లడిల్లును.

మేము విత్తన ప్రదర్శనములకై గ్రామములకు పోయినపుడు, వరి వంగడములతో మొదలైన ప్రసంగము ఫీజులతో ముగియుట ఈ నడుమ పరిపాటి యైనది. మమ్ము అడుగు ప్రశ్నలు సాధారణముగా రెండే. “అయ్యా, ఇంటికి ఒక్కరికే సహాయ మిత్తురట, నిజమేనా?” యని కొందరు. “ఇద్దరిని చదివించువానిపై సర్కారు కొంత యెక్కువ దయ చూపదా?” యని మరికొందరు. మొదటివారి భయము చాలవరకు నిరాధారము. రెండవవారి యాశయు చాలవరకు నిరాధారమే. భయపడినవారు దరఖాస్తే పెట్టక నష్టపోవుచున్నారు. ఆశపడినవారు రాని సొమ్మును లెక్కలో వేసికొని అప్పు చేయుచున్నారు. కావున ఈ విషయమును కొంచెము విపులముగా వ్రాయ దలచితిమి.

ఏ సహాయమునందైనను రెండు లెక్కలుండును. విద్యార్థిని పథకములోనికి రానిచ్చుటకు చూచు లెక్క యొకటి. సొమ్ము పంచుటకు చూచు లెక్క మరొకటి. రానిచ్చు లెక్క దాదాపు అన్నిట ఇంటివారీ లెక్కయే. ఇంటి ఆదాయ మెంత, ఇంటివారికి గల భూమి యెంత, ఇంటిలో ప్రభుత్వోద్యోగి కలడా, ఆదాయపు పన్ను కట్టువాడు కలడా యని చూతురు. సొమ్ము పంచు లెక్క మాత్రము కొన్నిట ఇంటివారీ, పెక్కింట తలవారీ. ఈ భేదము తెలిసికొన్నచో తక్కిన నియమములు సులువుగా బోధపడును.

రానిచ్చు లెక్కలో పిల్లల సంఖ్యకు తావు లేదు. ఆదాయపు హద్దు రెండున్నర లక్ష లనగా, ఒక్క బిడ్డను చదివించువానికిని రెండున్నర లక్షలే, ముగ్గురను చదివించువానికిని రెండున్నర లక్షలే. రెండు లక్షల అరువది వేల ఆదాయముతో ముగ్గురను పోషించువాడు వెలుపల నుండును. రెండు లక్షల నలువది వేలతో ఒక్కని చదివించువాడు లోపల నుండును. ఇది న్యాయము కాదనియే మా యభిప్రాయము. ఐనను నియమ మట్లున్నది. దానిని మనసులో నుంచుకొనియే ఇంటి లెక్క వేసికొనవలెను.

ఈ విషయమున అమెరికా దేశపు రైతుల యనుభవము మనకు వినదగినది. అక్కడ ఫెడరల్ ప్రభుత్వపు సహాయము కోరు ప్రతి విద్యార్థియు ‘ఫాఫ్సా’ యను దరఖాస్తు నింపవలెను. తలిదండ్రుల ఆదాయమును, ఆస్తిని బట్టి ఆ కుటుంబము ఏటేట ఎంత భరింపగలదో లెక్కకట్టుదురు. 2023-24 విద్యాసంవత్సరము వరకు తలిదండ్రుల భాగముగా తేలిన మొత్తమును, ఆ ఇంట కళాశాలలో చదువుచున్న బిడ్డల సంఖ్యచే భాగించుచుండిరి. 12,000 డాలర్లు తేలినచో, ఇద్దరు చదువుచున్న ఇంట ఒక్కొక్కరిపై 6,000 మాత్రమే పడెడిది. 2020 డిసెంబరులో చేసిన చట్టము ననుసరించి, 2024-25 నుండి ఈ భాగహారమును తీసివేసిరి. ఎందరు చదువుచున్నారని దరఖాస్తులో ఇప్పటికిని అడుగుదురు గాని, ఫెడరల్ లెక్కలో దానివలన మార్పు లేదు. అదే సమయమున, అంతకుముందు లెక్కలోనికి రాని కుటుంబపు సేద్యభూమిని కూడ ఆస్తి క్రింద చేర్చిరి. అనగా ఇద్దరు బిడ్డలు గల రైతునకు రెండు దెబ్బలు ఒకేసారి తగిలినవి. రైతుల మొర కొంత ఫలించి, 2025 జూలై 4వ తేదీన సంతకమైన చట్టమువలన కాపురముండి సేద్యము చేసికొను కుటుంబపు భూమిని 2026-27 దరఖాస్తులనుండి మరల లెక్కనుండి తప్పించిరి. బిడ్డల సంఖ్యచే భాగించు పద్ధతి మాత్రము తిరిగి రాలేదు. ఐనను అక్కడ ఒక మార్గము మిగిలియున్నది. తమ ప్రత్యేక పరిస్థితులను కాగితములతో సహా వివరించుచు కళాశాలలోని సహాయ కార్యాలయమునకు జాబు వ్రాసినచో, ఆ యధికారి ఒక్కొక్క ఇంటి సంగతి విచారించి లెక్కను సవరింపవచ్చును. కొన్ని ప్రైవేటు కళాశాలలు తమ సొంత నిధులు పంచుటలో ఇప్పటికిని తోబుట్టువుల చదువును గణించును. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబముల వారును ఇదంతయు ఎరుగవలసినదే.

మన దేశమున అట్టి భాగహారము ఎన్నడును లేదు. మనకు గలదెల్ల తలవారీయా, ఇంటివారీయా యను భేదమే.

ఇందుకు ఆంధ్రప్రదేశములోని రెండు పథకములు మంచి ఉదాహరణము. 2020 జనవరి 9వ తేదీన ఆరంభమైన అమ్మ ఒడి పథకము తల్లిని లెక్కించినది, బిడ్డను కాదు. బడికి గాని, ఇంటర్మీడియటునకు గాని పోవు బిడ్డ లెందరున్నను తల్లికి ఏటికి ఒకేమారు 15,000 రూపాయలుగా నిర్ణయించిరి. ఇంటికి ఒక్కరికే యను మాట పల్లెలలో స్థిరపడుటకు ఇదియే ముఖ్యకారణమని మా యూహ. 2025 జూన్ 12వ తేదీన దాని స్థానమున వచ్చిన తల్లికి వందనము పథకము బిడ్డను లెక్కించినది. ఒకటవ తరగతి మొదలు ఇంటర్మీడియటు రెండవ సంవత్సరము వరకు చదువు ప్రతి బిడ్డకును 15,000 చొప్పున నిర్ణయించి, అందు 2,000 బడుల నిర్వహణమునకు మినహాయించి, 13,000 తల్లి ఖాతాలో వేసిరి. ముగ్గురు బిడ్డలున్న తల్లికి మూడు పదమూడులు, అనగా 39,000. ఒకే కుటుంబము, ఒకే ఆదాయము. లెక్క మారగానే ఫలమెంత మారినదో చూడుడు.

ఇంటర్మీడియటు దాటినవారికి వర్తించునది ఫీజు రీయింబర్సుమెంటు. ఇది మొదటినుండియు విద్యార్థివారీగా సాగినది. ఆంధ్రప్రదేశములో 2019 నవంబరు 30వ తేదీ ఉత్తర్వుతో విద్యాదీవెన, వసతిదీవెన యను పేర్లు వచ్చినవి. ఆ ఉత్తర్వు వార్షికాదాయపు హద్దును 2.5 లక్షలుగా నిర్ణయించినది. వసతి, భోజనముల క్రింద ఐ.టి.ఐ. విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, డిగ్రీ యందును ఆపైనను చదువువారికి 20,000 ఏటికి ఏర్పరచిరి. ఒక ఇంట పాలిటెక్నిక్‌లో ఒకరు, డిగ్రీలో ఒకరు నుండినచో ఇద్దరికిని వేరువేరుగా వర్తించినది. అప్పట్లో ఫీజు సొమ్ము తల్లి ఖాతాకు వచ్చెడిది. ఆమె కళాశాలకు కట్టవలసియుండెను. 2024లో ప్రభుత్వము మారిన పిదప పేర్లును మారినవి, సొమ్ము నేరుగా కళాశాల ఖాతాకే పంపు ఏర్పాటును జరిగినది. తల్లి ఖాతాలో పడలేదు గనుక మంజూరు కాలేదని తలచువారు, ముందుగా కళాశాలలో తమ బిడ్డ పేరున జమ యైనదేమో విచారించుట మేలు.

రైతులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. భూమి హద్దు అన్ని పథకములకు ఒకటి కాదు. 2019 నాటి ఉత్తర్వులో కళాశాల విద్యార్థుల విషయమున మాగాణి 10 ఎకరములకు లోపు, మెట్ట 25 ఎకరములకు లోపు, రెండును కలిసిన 25 ఎకరములకు లోపు అని యుండెను. తల్లికి వందనమునకు నిర్ణయించినది మాగాణి 3 ఎకరములకు లోపు, మెట్ట 10 ఎకరములకు లోపు, రెండును కలిపి 10 ఎకరములకు లోపు. పల్లెలలో నెలకు 10,000 లోపు ఆదాయము, విద్యుత్తు వాడుక నెలకు సగటున 300 యూనిట్లకు లోపు అను షరతులు కూడ అందు గలవు.

నాలుగెకరముల మాగాణి గల రైతు నొకనిని తీసికొందము. కుమారుడు ఇంటర్మీడియటు, కుమార్తె బి.ఎస్సీ. కుమారుని విషయమున మూడెకరముల హద్దు దాటినందున తల్లికి వందనము రాదు. సచివాలయపు జాబితాలో ‘అనర్హులు’ అని పేరు చూచుకొని, ఆ రైతు ఇక తన ఇంటి కేమియు రాదని నిశ్చయించుకొనును. కుమార్తె దరఖాస్తు పెట్టనే పెట్టడు. కాని పది ఎకరముల హద్దు గల పథకములో నాలుగెకరములవాడు లోపలివాడే. ఒక పథకమున త్రోసివేత మరియొక పథకమునకు తీర్పు కాదు. మేము చూచినంతలో ఇద్దరు బిడ్డలు గల కుటుంబములు పోగొట్టుకొనుచున్న సొమ్ములో హెచ్చుభాగము ఈ యొక్క పొరపాటు తలంపువలననే పోవుచున్నది. మెట్ట సేద్యము చేయు రాయలసీమ, పల్నాటి రైతులకు ఈ మాట మరింత వర్తించును. పన్నెండెకరముల మెట్ట గలవానిని ఒక పట్టికలో పెద్ద రైతనియు, మరియొక దానిలో కాదనియు వ్రాయుదురు.

తెలంగాణమున దరఖాస్తు ‘ఈ-పాస్’ ద్వారమున సాగును. షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయపు హద్దు 2 లక్షలు. వెనుకబడిన తరగతుల వారికిని, ఇతర వర్గములలోని పేదలకును పల్లెలలో లక్షన్నర, పట్టణములలో 2 లక్షలు. ఇంజనీరింగులో ఈ రెండవ వర్గములవారికి ప్రవేశపరీక్ష ర్యాంకు పదివేల లోపైన పూర్తి ఫీజు, ఆపైన ఏటికి 35,000 వరకు అను భేదము కలదు. కావున ఒకే ఇంట ఇద్దరు ఇంజనీరింగు చదువుచున్నను ఇద్దరికిని ఒకే మొత్తము రాకపోవచ్చును. చిన్నవాని ర్యాంకు చూడక పెద్దవానికి వచ్చినదే వీనికిని వచ్చునని లెక్క వేయరాదు.

కేంద్ర ప్రభుత్వపు సహాయములలోను రెండు రకములు గలవు. షెడ్యూల్డు కులముల పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనమునకు ఒకే తలిదండ్రుల బిడ్డ లందరును అర్హులే. ఆదాయపు హద్దు 2.5 లక్షలు, ఖర్చును కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించును, కేంద్రపు భాగము విద్యార్థి ఖాతాలోనే పడును. సాంకేతిక విద్య నభ్యసించు బాలికలకై గల ప్రగతి ఉపకారవేతనము మాత్రము కుటుంబమునకు ఇద్దరు బాలికల వరకే. ఇది ఏటికి 50,000 రూపాయలు. డిప్లొమా గాని, డిగ్రీ గాని మొదటి సంవత్సరమున చేరినవారికిని, డిప్లొమా ముగించి నేరుగా రెండవ సంవత్సరమున చేరినవారికిని వర్తించును. కుటుంబ ఆదాయము 8 లక్షలకు మించరాదు. రాష్ట్రపు హద్దు దాటిపోయిన మధ్యతరగతి రైతులకు ఇది ప్రత్యేకముగా పనికివచ్చునది. ఇంటర్మీడియటులో మంచి మార్కులు వచ్చినవారికి కేంద్రము ఇచ్చు మరొక వేతనము డిగ్రీలో ఏటికి 12,000, పై చదువులో 20,000. దీనికి ఆదాయపు హద్దు 4.5 లక్షలు. ఐతే రాష్ట్రపు ఫీజు రీయింబర్సుమెంటు పొందు విద్యార్థి దీనిని పొందరాదు.

ఇక్కడ ఒక చిక్కు విప్పవలసియున్నది. ఒక విద్యార్థి రెండు చోట్ల పుచ్చుకొనుట కూడదను నియమమును, ఒక ఇల్లు రెండు చోట్ల పుచ్చుకొనుట కూడదని పలువురు పొరబడుచున్నారు. అది నిజము కాదు. అక్క రాష్ట్రపు ఫీజు సహాయము పొందుచుండగా తమ్ముడు మార్కులనుబట్టి కేంద్రపు వేతనము పొందుటకు అడ్డు లేదు. ఎవరికి ఏది హెచ్చో ముందుగా చూచుకొని, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్కటి కోరవలెను.

ఇక కాగితముల సంగతి. ఒక బిడ్డ దరఖాస్తులో చిన్న తేడా యుండిన గడచిపోవచ్చునేమో గాని, ఇద్దరివి ప్రక్కప్రక్కన పెట్టినపుడు తేడా కొట్టవచ్చినట్లు కనబడును. అక్క చేరిన యేట తెచ్చిన ఆదాయ ధ్రువపత్రములో లక్షా ఇరువది వేలు, తమ్ముడు చేరిన యేట తెచ్చిన దానిలో తొంబదియైదు వేలు, ఉన్న భూమి యదే! ఒకే యేట రెండు దరఖాస్తులకును తహసీలుదారు నొద్ద పుచ్చుకొన్న ఒకే పత్రమును జతచేయుట మంచిది. పేర్ల విషయమును అంతే. పదవ తరగతి మార్కుల పత్రములో నున్న ఇంటిపేరు, ఆధారులో నున్న ఇంటిపేరు, బ్యాంకు పుస్తకములోని ఇంటిపేరు అక్షరముతో సహా సరిపోవలెను. తండ్రిపేరు ఒక బిడ్డ పత్రములో పొడి అక్షరములతోను, మరొక బిడ్డ పత్రములో పూర్తిగాను ఉన్నచో యంత్రమునకు వారిరువురు ఒకే తండ్రి బిడ్డలని తెలియదు.

అన్నిటికంటె చిక్కైనది సచివాలయములోని కుటుంబపు పటము, అనగా ఎవరెవరు ఒక ఇంటివారని వ్రాసికొన్న జాబితా. వేరు కాపురము పెట్టిన అన్న ఉద్యోగస్థుడై, జాబితాలో ఇంకను తమ్ముని ఇంటనే యున్నట్లు నిలిచిపోయినచో, తమ్ముని బిడ్డలిద్దరును ఒకేమారు అనర్హులగుదురు. తాతగారి పేరనున్న భూమియు ఇట్లే అందరి లెక్కలోను పడును. ఇల్లు నిజముగా వేరుపడినది వేరుగా వ్రాయించుకొనుట దరఖాస్తుల కాలము రాకముందే జరుగవలెను; గడువు చివరి వారమున అది సాధ్యము కాదు. కాని సహాయముకొరకే కలిసియున్న ఇంటిని కాగితముపై విడదీయించుటకు దళారులు సలహా యిత్తురు. అది తప్పుడు వాఙ్మూలము; సొమ్ము తిరిగి కట్టవలసివచ్చుటయే కాక బిడ్డ చదువునకును చిక్కు తెచ్చును. సభ్యులెవరును అందుకు పాల్పడరని మా నమ్మిక.

బ్యాంకు ఖాతాల విషయమున ఒక మాట. నేరుగా వచ్చు సొమ్ము ఖాతా సంఖ్యను బట్టి గాక, ఆధారుకు చివరగా జతపడిన ఖాతాకు పోవును. పట్టణమున చదువు అమ్మాయి ఫోను సిమ్ము కొన్నపుడు దానితోపాటు తెలియకయే ఒక ఖాతా తెరువబడి, సొమ్ము అందులో పడియుండగా, ఇంటివారు సహకార బ్యాంకు పుస్తకము పట్టుకొని తిరుగుట మేమెరుగుదుము. ఇద్దరు బిడ్డలకును ఏ ఖాతా జతపడియున్నదో బ్యాంకులో అడిగి, పుస్తకముపై పెన్సిలుతో వ్రాసి యుంచుకొనుడు.

కాగితములన్నియు సరిగా నుండినను సొమ్ము సకాలమునకు రాదు. బకాయిలు రెండు రాష్ట్రములలోను మామూలైపోయినవి. కళాశాలవారు ముందు మీరు కట్టుడు, ప్రభుత్వము నుండి వచ్చినపుడు తిరిగి యిత్తుమందురు. కట్టనిచో చదువు ముగిసిన పిదప పత్రములు ఆపుదురు. ఒక్క బిడ్డకైన ఈ యాలస్యమును ఓర్చుకొనవచ్చును. ఇద్దరికైన అది అప్పుగా మారును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చినచో నెలకు 1,200. పది నెలలకు 12,000. రావలసిన సొమ్ము వచ్చినను ఈ వడ్డీ ఎవరును తిరిగి ఇయ్యరు.

కొందరు సంఘములో పుచ్చుకొన్న పంట ఋణమును ఫీజునకు మరల్చుచున్నారు. మొత్తముగా మరల్చుట సేద్యమునకు చేటు. ఊడ్పు వేళకు ఎరువుండదు. ఐతే కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలోనే, పంట ఖర్చుపై నూటికి పది వంతు కోత యనంతరపు పనులకును, ఇంటి యవసరములకును అని చేర్చబడియున్న సంగతి చాలమంది సభ్యులకు తెలియదు. పంట ఖర్చు లక్షన్నరగా లెక్కకట్టినచో ఈ భాగము 15,000. మూడు లక్షల వరకు పంట ఋణమునకు వడ్డీ 7 పాళ్లు. గడువులోగా చెల్లించినవారికి అందు 3 పాళ్లు తగ్గును. వడ్డీ వ్యాపారి 24 పాళ్లతో పోల్చి చూచుకొనుడు. ఆ పదిహేను వేలతో ఇద్దరి ఫీజులు తీరవు గాని, చేరుటకు కట్టవలసిన తొలి విడతకు అది చాలవరకు సరిపోవును.

పెద్ద మొత్తములకు విద్యా ఋణమే తగిన మార్గము. ఇది బిడ్డ పేరున, తండ్రి గాని తల్లి గాని తోడు సంతకముతో ఇచ్చునది. 4 లక్షల వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు కోరరాదు. చదువు ముగిసి ఒక యేడు గడచు వరకు వాయిదాలు మొదలు కావు. 2024 నవంబరు 6వ తేదీన కేంద్ర మంత్రిమండలి ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకమున, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో చేరినవారికి తాకట్టు లేక ఋణమును, 8 లక్షల లోపు ఆదాయము గల కుటుంబములకు 10 లక్షల వరకు ఋణముపై 3 పాళ్ల వడ్డీ తగ్గింపును గలవు. ప్రభుత్వపు మరొక ఉపకారవేతనము పొందు విద్యార్థికి ఈ తగ్గింపు రాదు. మన పల్లె బిడ్డలు చేరు కళాశాలలు పెక్కు ఆ సంస్థల పట్టికలో నుండవు, చేరకముందే చూచుకొనవలెను.

ఇద్దరికిని ఋణము తీయదలచినవారు సంవత్సరములను కాగితముపై వ్రాసి చూచుకొనుడు. పెద్దది 2024లో నాలుగేండ్ల చదువున చేరిన, 2028లో ముగించును. 2029లో వాయిదాలు మొదలగును. చిన్నవాడు 2026లో చేరిన, 2030 వరకు చదువుచుండును. అనగా 2029 మొదలు ఒక యేడు పాటు ఒకరి వాయిదా కట్టుచు మరొకరి ఫీజు భరింపవలసియుండును. ఆ యేడు వాన సరిగా కురియకున్న నెట్లు? అందుచేత రెండు ఋణములును ఒకే పరిమాణమున తీయక, పెద్దదానికి ఫీజు సహాయము వచ్చుచున్నచో ఆమెకు తక్కువ తీసి, సహాయము లేని వానికే ఋణమును మిగిల్చియుంచుట మేలని మా సలహా.

ఇంతకు మించిన సంగతి యొకటి చెప్పవలసియున్నది. ఇద్దరి ఫీజులు ఒకేసారి మీద పడినపుడు చాల ఇండ్లలో తలిదండ్రులు బయటికి చెప్పని తీర్మాన మొకటి చేసికొందురు: అమ్మాయిని ఈ యేటితో ఆపుదము, అబ్బాయి నైనను చదివింతము అని. పేదరికమున చేయు ఈ తీర్మానమును మేము సులువుగా తప్పుపట్టజాలము. కాని లెక్క ప్రకారమైనను అది పొసగదు. పై జెప్పిన ఫీజు సహాయములు తలవారీవి. అమ్మాయిని మాన్పించిన మాత్రమున అబ్బాయికి వచ్చు సహాయము ఒక్క రూపాయియు పెరుగదు. అమ్మాయి పేరున వచ్చునది మాత్రము పూర్తిగా పోవును. మిగులునది ఆమె సొంత ఖర్చులలో సహాయము తీరని భాగ మొక్కటే, అనగా పుస్తకములు, బస్సు పాసు, హాస్టలులో కొంత. ఆ భాగ మెంతయో వ్రాసి చూచుకొన్నచో, పెక్కు ఇండ్లలో అది ఒక పాడిగేదె యేటి దాణా ఖర్చును మించదు. పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగులోనో చేరిన అమ్మాయి యైనచో, ఆమెకు కోరదగిన 50,000 రూపాయల ప్రగతి వేతనము తమ్మునికి ఏ విధముగను రానిది. తోడుగా వచ్చునది ఆమె. ఆమెనే భారమని తలచుచున్నారు.

నడుమ ఒక యేడు మాన్పించి, పంట బాగుగా పండిన యేట మరల చేర్పింతుమనుకొనువారును గలరు. ఈ సహాయములు యేడు విడువక చదువువారికి ఏటేట పునరుద్ధరింపబడునవి. విద్యార్థి పై తరగతికి పోలేకపోయిన ప్రగతి వేతనము నిలిచిపోవును. ఫీజు సహాయమునకు నూటికి 75 వంతుల హాజరు కావలెను. నారు వేళల రెండు వారములు, కోత వేళల మూడు వారములు పొలము పనికి పిలిపించుకొనిన బిడ్డ హాజరు ఎంతకు దిగునో తండ్రియే లెక్కింపవలెను. ఇద్దరిని పిలిపించుకొనిన రెండు దరఖాస్తులకును ముప్పు. ఆ పనికి కూలి పెట్టుకొనుట చౌక.

దరఖాస్తు కళాశాల ద్వారమున ఆన్‌లైనులో సాగును. వేలిముద్ర విద్యార్థియే వేయవలెను. పిదప గ్రామ సచివాలయములో సంక్షేమ విద్యా సహాయకుడు ఇంటి వివరములు సరిచూచును. మొదటి యేడు కొత్త దరఖాస్తు, రెండవ యేటి నుండి రెన్యూవల్. రెండవ సంవత్సరపు బిడ్డ మరల కొత్తదే పెట్టినచో ఒకే ఆధారుపై రెండు దరఖాస్తులు కనబడి రెండును నిలిచిపోవుట కలదు. కేంద్రపు వేతనములు జాతీయ ఉపకారవేతనముల పోర్టల్‌లో వేరుగా పెట్టవలెను. వాని గడువు తేదీలు ఏటేట మారును గనుక జూలై మొదలు నెలకొకమారు చూచుట మంచిది. ప్రతి బిడ్డకు ఒక కవరు పెట్టి, దరఖాస్తు సంఖ్య, ఇచ్చిన తేదీ, కళాశాలలో కట్టిన సొమ్మునకు రసీదు అందు దాచుడు. ఇద్దరి కాగితములు ఒకే సంచిలో కలిపినచో, అక్క రసీదు చూపి తమ్ముని సొమ్ము అడుగువారిని మేము కార్యాలయములలో పలుమారులు చూచితిమి. ఆదాయ పత్రపు నకళ్లు నాలుగు తీయించి కవరుకు రెండేసి పెట్టుకొనుడు. అసలు పత్రము ఇంటనే యుండవలెను, కళాశాలలో విడువరాదు.